ఊద చావకపోతే తప్పు డబ్బాదేనా?

నెల్లూరు జిల్లాలో ఏ పురుగుమందుల షాపు ముందు కాసేపు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది: "పోయినేడు ఇదే మందు కొడితే ఊద మాడిపోయింది. ఈసారి కదల్లేదు. నకిలీ సరుకు." ఊదంటే వరిలో మొలిచే గడ్డి జాతి కలుపు. నకిలీ మందులు లేవని కాదు. కానీ ప్రతిసారీ మందు డబ్బానే తిడుతుంటే కయ్యలో, అంటే వరి మడిలో, ఏం జరుగుతోందో కనబడదు.

వరిలా కనబడే ఊద వేషాలు ఈనాటివి కావు. కోవూరు వైపు కలుపు తీసే ఆడవాళ్లను గమనించండి. దుబ్బును పక్కకు వంచి, ఆకు కాడను అంటుకునే చోట చూస్తారు. వరికి అక్కడ పల్చటి పొర, చిన్న చెవుల్లాంటివి ఉంటాయి. ఊదకు ఉండవు. అంత దగ్గరగా చూడాల్సి రావడానికి కారణం మనుషులే. మొదలు ఎర్రగా ఉండి, పక్కలకు వాలే ఊదను తరతరాలుగా పీకేశారు. పచ్చటి మొదలుతో, వరిలా నిటారుగా నిలిచినవి తప్పించుకుని గింజ రాల్చాయి. చైనాలో యాంగ్జీ నది ప్రాంతపు ఊద జన్యువులను పరిశీలించిన శాస్త్రవేత్తలు, ఈ వేషం సుమారు వెయ్యేళ్ల కిందట మొదలైందని 2019లో తేల్చారు.

మందుకు లొంగకుండా పోవడానికి కలుపుకు అంత కాలం అక్కర్లేదు. పంజాబ్, హర్యానా గోధుమ పొలాల్లో ఏటా ఐసోప్రొట్యూరాన్ అనే కలుపు మందు కొట్టారు. 1990ల మొదట్లోనే గుల్లీ దండా అనే కలుపు దానికి లొంగడం మానేసింది. మందు మొక్కకేమీ నేర్పదు. లక్షల్లో ఒకటో రెండో పుట్టుకతోనే తేడాగా ఉంటాయి, అవి మిగులుతాయి. వచ్చే పంటకు కయ్య వాటి పిల్లలదే. మనం వరిలో కొట్టే బిస్‌పైరిబాక్ సోడియం మొక్కలో ఒకే ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ జన్యువులో చిన్న మార్పు చాలు, మందు పారదు.

ముదిరిన ఊద మీద కొట్టామా, నీళ్లు తీయకుండా కొట్టామా అన్నది ముందు చూసుకోవాలి. అదేమీ లేకపోతే షాపులో "కంపెనీ మార్చు" అంటారు. డబ్బా రంగు మారుతుంది, లోపల అదే రసాయనం! చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదివి, వేరే రకంగా పనిచేసేది అడగాలి.

నాట్లకు కూలీలు దొరక్క వరి విత్తనం వెదజల్లుతున్న రైతును మందు మానమనడం కుదరదు. వెదజల్లిన కయ్యలో ఊద వరితో పాటే మొలుస్తుంది. ఎడగారుకు (రెండో పంటకు) ముందు ఒక తడి ఇచ్చి, మొలిచిన కలుపును దున్నేస్తే కొంత భారం తగ్గుతుంది. ఇక మందు కొట్టిన రెండు వారాలకు గట్టు మీద నుంచి చూస్తే అక్కడక్కడా పది మొక్కలు నిలబడి ఉంటాయి. "ఆ పదేగా" అని వదిలేస్తాం. వెన్ను తీయకముందే పీకాల్సింది వాటినే.