అదొక్కటే టైముకు పోతుంది!

రైలు లేటైతే సరే, ఎలాగో ఓర్చుకుంటాం. ఎంత లేటో ఒక్కసారే చెప్పొచ్చు కదా! మొదట ఇరవై నిమిషాలన్నారు. తర్వాత నలభై. ఆపైన గంటన్నర. ఆ మాటేదో ముందే చెబితే ఇంకో గంట పడుకుని వచ్చేవాణ్ణిగా? పైగా "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని రికార్డు చేసిన గొంతు. చింతిస్తున్నది ఎవరండీ, ఆ మైకా?

ఎక్కాక ఇంకో బాధ. ఏ ఊరూ కానిచోట ఆపేస్తారు. ఎందుకో చెప్పే నాథుడుండడు. ఒకసారి లేటైన బండి తన వంతు పోగొట్టుకుంటుంది. వెనకొచ్చినవి ఒక్కొక్కటీ దాటిపోతుంటే మనం కిటికీలోంచి లెక్కపెట్టుకోవాలి.

ఇక టైంటేబుల్ మాయ! చివరి స్టేషన్ ముందు అరగంట దూరానికి గంట రాసుకుంటారు. దారంతా ఈడ్చిన బండి ఆఖర్న 'రైట్ టైమ్'! జర్మనీలో ఆరు నిమిషాల లోపు ఆలస్యం ఆలస్యమే కాదట. రద్దయిన రైళ్లు ఆ లెక్కలోకే రావు. అంటే అసలు రాని బండికి లేటన్నదే లేదు. భలే!

ఇంతా చేసి, నేను మారాల్సిన రెండో రైలు మాత్రం సెకను కూడా ఆగకుండా ఠంచనుగా వెళ్లిపోయింది.