రాక్షసబల్లి పన్నుకు పెళ్లిచూపులు

మా ఇంట్లో పళ్ల విషయంలో రెండు చట్టాలున్నాయి. పిల్లల పాలపన్ను ఊడితే ఇంటి కప్పు మీదికి విసిరేయాలి. సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట రాక్షసబల్లికి ఊడిన పన్నైతే ముఖమల్ గుడ్డలో చుట్టి, అద్దాల అల్మారాలో పెట్టి తాళం వేయాలి. మొదటిది మా అమ్మ చేసిన చట్టం, రెండోది నాది. రెండోదాని వల్ల ఇంట్లో శాంతిభద్రతలు కాస్త దెబ్బతిన్న మాట నిజమే కానీ, విజ్ఞానం కోసం ఆ మాత్రం తప్పదు.

నా దగ్గరున్నది స్పైనోసారస్ పన్ను. మొరాకోలో సహారా అంచున కెమ్ కెమ్ అనే చోటిది. టీ-రెక్స్‌ది కొనకపోయారా అని మా బావమరిది అడిగాడు. 2020లో 'స్టాన్' అనే టీ-రెక్స్ అస్థిపంజరం వేలంలో 3 కోట్ల 18 లక్షల డాలర్లకు పోయింది. ఆ వంశంలో పన్ను ధర అడిగినా మనకే పన్ను సలుపుతుంది. మధ్యతరగతి రాక్షసబల్లి స్పైనోసారస్సే.

ఎందుకు చవకంటే, ఈ బల్లులకు బతికున్నన్నాళ్లూ పళ్లు ఊడుతూ, కొత్తవి మొలుస్తూ ఉండేవి. కెమ్ కెమ్‌లో ఒక పాత నది మేటలో పరిశోధకులు 1,200కు పైగా పళ్లు ఏరి చూస్తే దాదాపు సగం స్పైనోసారస్‌వే. అంటే అది చేపలు తింటూ రాల్చుకుని మరిచిపోయిన వస్తువుకు నేను మూడు వాయిదాల్లో డబ్బు కట్టాను. "పులస తిని మీరు పక్కన పెట్టే ముళ్లు కూడా ఎవరైనా కొంటారేమో కనుక్కోండి" అంది మా ఆవిడ.

ఇక అమ్మకం ప్రకటనలు. పెళ్లి సంబంధాల ప్రకటనలు చదివిన అనుభవం ఉన్నవాళ్లకు ఇవి తేలిగ్గా వంటబడతాయి. 'స్వల్ప రిపేరు' అంటే అక్కడి 'చామనఛాయ' లాంటిది. 'మొన చక్కగా ఉంది' అంటే మొదలు చూడొద్దని. 'మ్యూజియం క్వాలిటీ' అంటే మ్యూజియం వాళ్లు కొనలేదని. 'వేరుతో సహా' అన్న మాటుందే, అసలు కథంతా అక్కడుంది. కొత్త పన్ను తోసుకొస్తుంటే పాతదాని వేరు కరిగిపోతుంది కాబట్టి మామూలుగా ఊడిన పన్నుకు వేరుండదు. వేరుందంటే అది చచ్చిన జంతువు దవడలోంచి వచ్చిందన్నమాట, అందుకే ధర ఎక్కువ. మరి బజారులో ఇన్ని వేర్లెక్కడివి? ఒకదాని మొన, ఇంకోదాని వేరు, మధ్యలో ఎర్ర ఇసుకా జిగురూ. జాతకాలు చూడకుండా చేసిన పెళ్లి.

నాదీ వేరుతో సహానే. ఒకరాత్రి టెన్షన్ పట్టలేక, గోళ్లరంగు తుడిచే అసిటోన్‌లో దూది ముంచి మొనకూ వేరుకూ మధ్య రుద్దాను. దూది ఇటుకరంగుకు తిరిగింది. రెండు నిమిషాలకు వేలికి బంక తగిలింది. ఇంకాస్త రుద్దితే వెంట్రుకంత గీత బయటపడింది, ఆ గీత దగ్గర వేరు మెల్లగా ఊగింది. అమ్మినాయనకు ఫొటో పంపాను. "రెండు ముక్కలూ ఒరిజినలే సార్" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

తవ్వేవాళ్ల మీద నాకు కోపం లేదు. కొండకు చేత్తో సొరంగాలు తొలిచి, ఎప్పుడు కూలుతుందో తెలియని చోట పాక్కుంటూ వెళ్లి తెస్తారు. ఆ పన్ను మొరాకోలోని ఎర్ఫూద్ పట్టణంలో దుకాణం మీదుగా మా అల్మారాకు చేరేలోపు చేయి మారినప్పుడల్లా ధర పెరుగుతుంది, ఏ సొరంగం, ఏ మట్టిపొర అన్న వివరం రాలిపోతుంది. శాస్త్రవేత్తకు పనికొచ్చేది ఆ వివరమే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడ్డ కోటసారస్ అనే రాక్షసబల్లికి ఈ బెంగ లేదు, దాని ఊరు యామన్‌పల్లి అని అందరికీ తెలుసు. కాకపోతే శాకాహారి. శాకాహారి పన్ను కోసం పళ్లు సేకరించే మాలో ఎవరూ అప్పు చేయరు.

పోయిన నెల నాకే ఒక దవడపన్ను పీకేశారు. డాక్టరుగారు చిన్న జిప్ కవర్లో వేసి చేతిలో పెట్టారు. కప్పు మీద వేయమంది అమ్మ. నేను మాత్రం స్కేలు పెట్టి కొలిచి, చీటీ రాసి అల్మారాలో పెట్టాను: 'ముప్పావు అంగుళం. వేరుతో సహా, అతుకు లేదు. సిమెంటు రిపేరు ఒకచోట. దొరికిన స్థలం: పై దవడ, ఎడమవైపు, చివరి నుంచి రెండోది.'

నా సేకరణలో ఊరూ పేరూ ఉన్న పన్ను అదొక్కటే.