ఫ్రేముకు దక్కేది 33 మిల్లీసెకన్లు

రియల్ టైమ్ విజన్ (కెమెరా చూసినదాన్ని కంప్యూటర్ అప్పటికప్పుడే అర్థం చేసుకోవడం) ప్రస్తావన వచ్చిన చోటల్లా మొదట వినబడే ప్రశ్న "ఎన్ని కోర్లు?" అన్నదే; కోర్లంటే చిప్పులో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు. సెకనుకు ఇన్ని లక్షల కోట్ల లెక్కలు చేస్తుందన్న అంకెను చిప్పుల ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో వేస్తారు కానీ, కెమెరా నుంచి బయలుదేరిన ఫ్రేము జవాబుగా మారడానికి మరీ ఆలస్యమైనప్పుడు ఎంతసేపు పడుతుందో మాత్రం ఎక్కడా చెప్పరు. ఈ ధోరణి మీద నాకు చాలాకాలంగా విసుగు ఉంది.

1920×1080 ఫ్రేములో 20,73,600 పిక్సెళ్లుంటాయి. సెకనుకు 30 ఫ్రేములైతే ఒక్కోదానికి 33 మిల్లీసెకన్లు దక్కుతాయి. పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున సెకనుకు సుమారు 187 మెగాబైట్లు. ఇది పెద్ద భారమేమీ కాదు. అయితే ఆ ఫ్రేము ప్రతి దశలోనూ బయటి మెమరీకి వెళ్లి వస్తుంటేనే చిక్కు మొదలవుతుంది. 2014లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ ఇచ్చిన అంచనాల ప్రకారం, ఒక 32 బిట్ల గుణకారానికి అయ్యే శక్తి కంటే ఆ 32 బిట్లను డీర్యామ్ (చిప్పుకు బయట ఉండే మెమరీ) నుంచి తెచ్చుకోవడానికి అయ్యే శక్తి వంద రెట్లకు పైమాటే. గడియారం నెమ్మదిగా నడిచే ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు అమర్చుకునే చిప్పు) కూడా 3×3 ఫిల్టర్ (ఒక్కో పిక్సెల్‌ను చుట్టూ ఉన్న ఎనిమిదింటితో కలిపి లెక్కించే పని) విషయంలో గట్టిగా నిలబడేది ఇందుకే: రెండు వరుసల పిక్సెళ్లను చిప్పులోనే దాచుకుని, మూడో వరుస కెమెరా నుంచి వస్తుండగానే ఫలితాన్ని బయటికి పంపేస్తుంది, ఫ్రేము పూర్తయ్యేదాకా ఆగదు.

ఈ సంగతి పాతవాళ్లకు తెలియనిది కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో తయారైన క్లిప్4 అనే, బొమ్మలను విశ్లేషించే యంత్రంలో 96×96 ప్రాసెసర్లను పిక్సెళ్ల మాదిరిగానే గళ్లుగా పేర్చి, ఇరుగుపొరుగుతో కలిపారు. ఫిల్టర్ల వంటి పనులకు ఆ అమరిక చక్కగా సరిపోయింది. పిక్సెళ్ల నుంచి వస్తువుల జాబితా దాకా వెళ్లాల్సిన పనిలో మాత్రం ఇలాంటి గళ్ల యంత్రాల్లో చాలా ప్రాసెసర్లు ఊరికే కూర్చునేవి. పనిలో అయిదో వంతు వరుసగానే సాగాల్సి వస్తే ఎన్ని వేల కోర్లున్నా వేగం అయిదు రెట్లు దాటదన్న కంప్యూటర్ ఇంజనీర్ జీన్ ఆమ్దాల్ లెక్క 1967 నుంచీ మన ముందే ఉంది.

నాకు తగిలిన దెబ్బ ఇంకో రకం. జీపీయూ (వేల లెక్కలు ఒకేసారి చేసే గ్రాఫిక్స్ చిప్పు) మీద నేను రాసిన హిస్టోగ్రామ్ (ఏ వెలుగు స్థాయిలో ఎన్ని పిక్సెళ్లున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రాం) పగటి దృశ్యాల్లో చక్కగా నడిచి, రాత్రి దృశ్యాలు రాగానే గడువు తప్పడం మొదలుపెట్టింది. తప్పు కెమెరాదేనని రెండు రోజులు వాదించాను కూడా. చివరికి చూస్తే, చీకటి ఫ్రేములో దాదాపు అన్ని పిక్సెళ్లదీ ఒకే నలుపు కాబట్టి, వేల థ్రెడ్లు (ఒకేసారి నడిచే చిన్న పనులు) వెలుగు స్థాయికొకటి చొప్పున ఉన్న 256 గడుల్లో రెండు మూడింటి దగ్గరే క్యూ కట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా ఒకట్లు కలుపుతున్నాయి. ఒక్కో బ్లాకుకు (థ్రెడ్ల గుంపుకు) సొంత హిస్టోగ్రామ్ ఇచ్చి, చివర్లో అన్నీ కూడితే సరిపోయింది; కొత్త చిప్పేమీ అవసరం పడలేదు.

అందుకే ఇప్పుడు చిప్ అమ్మేవారిని నేనడిగేది ఒక్కటే: ఒక్క ఫ్రేము ఇస్తే, అత్యంత ఆలస్యమైన జవాబు ఎంతసేపటికి వచ్చింది? మొన్న ఒకరు ఎనిమిదేసి ఫ్రేములను కట్టగా పంపి తీసిన సగటును నా ముందు పెట్టారు. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన, ఆ కట్ట నిండేదాకా మొదటి ఫ్రేము 233 మిల్లీసెకన్లు కాచుకోవాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, లెక్క మొదలవకముందే, ఆరున్నర మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది.