జరిమానాతో వదిలేస్తే చార్జిషీటు ఎక్కడిది?

నెల్లూరు జిల్లా సైదాపురం, పొదలకూరు మండలాల్లో మైకా గుంతల పక్కన ఒకప్పుడు తెల్లరాయి కుప్పలుగా పడి ఉండేది. మైకా తీసుకుని, పనికిరాదని పారేసిన రాయి అది. సోలార్ పరిశ్రమ పుణ్యాన ఇప్పుడు ఆ తెల్లరాయికే, అంటే క్వార్ట్జ్‌కే గిరాకీ. దాంతో గడువు తీరిన గనుల్లో, అసలు లీజే లేని భూముల్లో రాత్రిళ్లు యంత్రాలు దిగాయి.

ఒక్క లోడు ఊరు దాటాలంటే ఎంతమంది చేతులు కలవాలో చూడండి. బ్లాస్టింగ్‌కు పేలుడు మందు తేవాలి. పక్క లీజు పేరుతో రవాణా పర్మిట్ పుట్టించాలి. అదే పర్మిట్‌తో రెండో ట్రిప్పు, మూడో ట్రిప్పు తిరగాలంటే దారిలో ఎవరో ఒకరు చూసీ చూడనట్టు ఊరుకోవాలి. రాయిని గ్రేడ్ చేసే యార్డు, ఓడెక్కించే వ్యాపారి సరేసరి. పేలుళ్లకు గోడలు బీటలు వారిన ఇంటివాళ్లు అడగబోతే బెదిరింపులు. ఇది ముమ్మాటికీ ముఠా పని. దొరికేది మాత్రం లారీ డ్రైవర్!

గనుల చట్టం ప్రకారం అక్రమ తవ్వకానికి ఐదేళ్ల వరకు జైలు, హెక్టారుకు 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. కానీ అదే చట్టంలోని 23ఏ సెక్షన్ కింద డబ్బు కట్టేసి బయటపడొచ్చు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరానికి కనీసం ఐదేళ్ల జైలు అంటోంది. అది వర్తించాలంటే గత పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు కోర్టుకు వెళ్లి ఉండాలి. ప్రతి కేసూ జరిమానాతోనే మూసేస్తుంటే ఆ ముఠా ఈ సెక్షన్‌కు ఎన్నటికీ చిక్కదు. గనుల చట్టం కింద ఇలా డబ్బు కట్టి రాజీ అయినా దొంగతనం కేసు నడపొచ్చని 2020 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును వాడుకోకపోవడానికి పోలీసులు ఏం కారణం చెబుతారు?

2015లో చిన్న ఖనిజాల్లో, అంటే రాష్ట్రాల నియమాల కిందికి వచ్చేవాటిలో చేర్చిన క్వార్ట్జ్, మైకాలను కేంద్రం 2025 ఫిబ్రవరిలో మళ్లీ తన నియమాల కిందికి వచ్చే పెద్ద ఖనిజాలుగా మార్చింది. ఇక బాధ్యత మాది కాదంటే మాది కాదని తప్పుకునే సందు కేంద్రానికీ, రాష్ట్రానికీ ఇవ్వకూడదు. పేలుడు సామగ్రి లైసెన్సున్న గోడౌన్ నుంచి రిజిస్టరులో రాసే బయటికి రావాలి. ఓడరేవులో సరుకు ఎవరి పేరున వెళ్లిందో కాగితం ఉంటుంది. పట్టుబడ్డ ప్రతి లారీ నుంచి ఈ రెండు చివర్లకూ దర్యాప్తు వెళ్లాలని, డబ్బు పెట్టినవాడి పేరుతోనే చార్జిషీటు వేయాలని మేం డిమాండ్ చేస్తున్నాం.