మునుగోడు ఉప ఎన్నిక గారికి, నా రిటర్న్ కారు ఇంకా రాలే

మహారాజశ్రీ 2022 మునుగోడు ఉప ఎన్నిక గారికి, ఎల్బీనగర్ల కిరాయికుండే మీ పాత ఓటరు దండం పెట్టి రాసేది. తమరు ఇప్పుడు ఏ నియోజకవర్గంల మకాం పెట్టిన్రో తెల్వదు గానీ మొన్న ఆదివారం చౌటుప్పల్ల బస్సు కోసం మూడు గంటలు ఎండల నిలబడ్డప్పుడు తమరే యాదికొచ్చిన్రు. చేతిల అమ్మ మోకాళ్ల మందులు, పక్కన ఒక ముసలామె "టికెట్ ఫ్రీ అంటిరి బిడ్డా, బస్సేది మరి" అని నన్నే అడుగుతది, నేనే డ్రైవర్నైనట్టు.

అదే నవంబర్ 3, గురువారం, పొద్దుగాల ఆరింటికే నా ఇంటి ముంగట తెల్ల ఇన్నోవా! ఎవరు పంపిన్రో ఎక్కినంక గూడ నాకు సరిగ తెల్వలే. "అన్నా, నాష్తా అయిందా?" అన్నడు డ్రైవరు, మా సొంత తమ్ముడు గూడ ఎన్నడూ అడగలే ఆ మాట. ఏసీ ఏసిండు, దారిల చాయ్ తాపిండు, స్కూలు గేటు కాడ దించి "ఓటేసి రా అన్నా, ఐదు నిమిషాల్ల మళ్ల ఎక్కిచ్చుకుంట" అన్నడు.

ఆ ఐదు నిమిషాలు ఇంకా అయితనే ఉన్నయి.

ఏలు మీద సిరా ఆరకముందే ఫోన్ స్విచాఫ్. సాయంత్రం ఆరింటికి పోలింగ్ బందయింది, ఊర్ల ఒక్క బండి లేదు, పొద్దున చీమల లెక్క ఉన్న కార్లన్నీ ఏ భూమిల పోయినయో! తెల్లారి బత్తాయి లోడు ఆటోల, బస్తాల మీద కూసొని చౌటుప్పల్ వచ్చిన. టీవీల జూస్తే 93 శాతం పోలింగ్, మునుగోడు ఓటరు చైతన్యం అంటున్నరు. ఆ 93ల నన్ను లెక్కబెట్టిన్రు గదా, మరి నన్ను దిగబెట్టుడు ఎవరి లెక్కల ఉన్నది?

మిగతయి పెద్దగ పట్టించుకోను తియ్యి. 47 మంది అభ్యర్థులు, నోటాతోని 48, సరిగ్గ మూడు మిషన్లు నిండినయి, మా అమ్మ మూడింటినీ దేవునికి మొక్కినట్టు మొక్కింది. టీఆర్‌ఎస్ కారు గుర్తుకు, రోడ్డు రోలర్ గుర్తుకు తేడా మాకు తెల్వదని పెద్ద పంచాయితే అయింది. ఏండ్లకేండ్లు అడిగినా కాని గట్టుప్పల్ మండలం నువ్వొస్తున్నవనంగనే అయింది, దానికి మాత్రం థాంక్స్.

నువ్వు రాకముందు మాకు ఓటే తెల్వదనుకోకు. పాల్వాయి గోవర్ధన్‌రెడ్డిని ఐదుసార్లు గెలిపిచ్చినం, ఎర్రజెండాను గూడ ఐదుసార్లు గెలిపిచ్చినం, ఎవ్వరికీ బాకీ లేం. 1996ల నల్లగొండ ఎంపీ సీటుకు ఫ్లోరైడ్ నీళ్ల గోస జెప్పనీకి 480 మంది నిలబడ్డరు, బ్యాలెట్ పుస్తకమంత అయితే అమ్మ పేజీలు తిప్పి తిప్పి గుర్తు దొరకబట్టిందట. దానెంక డిపాజిట్‌ను 500 నుంచి 10,000 జేసిన్రు. అమ్మ మోకాళ్లు గా నీళ్లు తాగినయే.

ఇగ నీ సంగతికొస్త. 2018ల చెయ్యి గుర్తు మీద గెలిచిన రాజగోపాల్‌రెడ్డి రాజీనామా జేసి పువ్వు పట్టుకొని వచ్చిండు, 10,309 ఓట్లతోని కారు గెలిచింది, ఏడాది తిరిగిందో లేదో 2023ల మళ్ల చెయ్యి పట్టుకొని ఆయనే గెలిచిండు. అంటే అంత లొల్లి, అన్ని కార్లు, అన్ని మైకులు పెట్టి సీటు ఎక్కడ ఎక్కిందో ఆడనే దిగింది. సీటుకు రిటర్న్ దొరికిందిరా అయ్యా, నాకే దొరకలే! సిగ్గుండాలె. ఓటుకైతే ఇంటి ముంగటికొస్తరు, ముసలామె మందులకు ఒక్క బస్సు రాదు, థూ.

కోపంల అన్న, ఏమనుకోకు. నిజం జెప్పాల్నంటే నువ్వున్న నెల రోజులు అమ్మ మంచంల కూసొని మోకాళ్లు ఎట్లున్నయని అడిగినోళ్లు, అటెనుక ఒక్కడు అడగలే. పోయేటప్పుడు మూడు పార్టీల ఫ్లెక్సీలు ఇడిసిపెట్టి పోయిన్రు, అమ్మ మూడింటినీ కలిపి కుట్టి గడ్డివాము మీద కప్పింది, మూడు పార్టీలోళ్లు ఒక్కకాడ కుదురుగ ఉన్నది గదొక్క చోటనే.

ఆదివారం నేను పోయేసరికి చీకటి పడ్డది. ఫ్లెక్సీలు చినిగినయి, వాన నీళ్లు దిగుతున్నయి, కొత్తవి కావాల్నంటది అమ్మ. ఎప్పుడొస్తవో ఫోన్ జెయ్యి, నా నంబర్ నీ కాడ ఉన్నది గదా. కారు మాత్రం రెండు దిక్కులకు మాట్లాడుకొని రా.