జర్మనీలో నర్సు ఉద్యోగం: ఆ వాట్సాప్ మెసేజ్‌లో నిజమెంత?

నర్సింగ్ కాలేజీ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: "జర్మనీలో నర్సుల కొరత. ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ ఎవరైనా వెళ్లొచ్చు. 2024లో చట్టం మారింది, జర్మన్ భాష ఏ2 చాలు. అక్కడ పరీక్షలేమీ లేవు. దిగిన నెల నుంచే 4 లక్షల జీతం. ప్యాకేజీ 5 లక్షలు, సగం ముందు, సగం వీసా వచ్చాక."

(ఏఎన్ఎం అంటే రెండేళ్ల సహాయక నర్సు కోర్సు, జీఎన్ఎం అంటే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా.) కొరత మాట నిజం. దారి ఉందన్నదీ నిజం. మిగతావాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని పచ్చి అబద్ధాలు. ఇది నమ్మి చేస్తున్న ఉద్యోగం మానేసి, ఇంట్లో బంగారం కుదువ పెట్టి డబ్బు కడుతున్నారు కాబట్టి ఒక్కో మాటా విప్పి చూడాలి.

"చట్టం మారింది, ఏ2 చాలు"

అన్నిటికంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, ఎందుకంటే దీనికో ఆధారం ఉంది. 2024 మార్చి 1 నుంచి జర్మనీ ఒక కొత్త వీసా ఇస్తోంది. చదువుకు గుర్తింపు రాకముందే దేశంలోకి వచ్చి, యజమాని సాయంతో ఆ గుర్తింపు పని అక్కడే పూర్తి చేసుకోవచ్చు. దానికి భాషలో కనీస అర్హత ఏ2, అంటే యూరప్ భాషా స్థాయిల్లో రెండో మెట్టు. ఆ తర్వాతి మెట్లు బీ1, బీ2. మెసేజ్ రాసినవాళ్లు ఇంతవరకే చెప్పి ఆపేశారు.

వీసా వేరు, నర్సుగా పనిచేసే లైసెన్సు వేరు. జర్మనీలో నర్సు అన్న హోదా చట్టం కాపాడే హోదా. దాన్ని ఇచ్చేది మీరు చేరే రాష్ట్రంలోని అధికార సంస్థ. అది చేతికిచ్చే పత్రాన్ని అక్కడ 'ఉర్కుండె' అంటారు. దానికి దాదాపు అన్నిచోట్లా బీ2 అడుగుతారు. అది వచ్చేదాకా మీరు సహాయకురాలే, జీతమూ సహాయకురాలి జీతమే.

సున్నా నుంచి బీ2 దాకా రావడానికి సుమారు 600 నుంచి 800 పీరియడ్లు పడుతుంది, పీరియడ్ అంటే 45 నిమిషాలు. రోజుకు నాలుగు పీరియడ్లు, వారానికి ఐదు రోజులు చదివినా ఏడు నుంచి తొమ్మిది నెలలు. జర్మన్ భాషా సంస్థ గోథే పెట్టే బీ1, బీ2 పరీక్షల్లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు విభాగాలుంటాయి. ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి. ఫెయిలైన విభాగం ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. చాలామంది చదవడంలో సులువుగా గట్టెక్కి, రాయడంలోనో మాట్లాడటంలోనో ఆగిపోతారు. కారణం కోచింగ్ క్లాసుల్లో మోడల్ పేపర్లు నింపించడమే తప్ప నోరు విప్పి మాట్లాడించకపోవడం. ఏ2తో దిగి, మూడు షిఫ్టుల్లో పనిచేస్తూ మిగతా రెండు మెట్లూ అక్కడే ఎక్కుదామనుకోవడం చాలా కష్టం. కనీసం బీ1 సర్టిఫికెట్ చేతికి రాకుండా ఉద్యోగానికి రాజీనామా చేయకండి. బీ2తో వెళ్తే ఇంకా మంచిది.

"పరీక్షలేమీ లేవు"

మన సర్టిఫికెట్లు పంపాక అక్కడి నుంచి సాధారణంగా వచ్చేది లైసెన్సు కాదు, 'డెఫిట్సిట్‌బెషైడ్' అనే ఉత్తరం. జర్మన్ నర్సు శిక్షణతో పోలిస్తే మీ చదువులో ఏయే భాగాలు తక్కువో అందులో ఉంటుంది. అక్కడి మూడేళ్ల శిక్షణలో 2,100 గంటలు థియరీ, 2,500 గంటలు ప్రాక్టికల్. మన కోర్సుల్లో ప్రసూతి, కమ్యూనిటీ హెల్త్ వాటా ఎక్కువ, వృద్ధుల సంరక్షణ, ఇంటికెళ్లి చేసే నర్సింగ్ వాటా తక్కువ. బీఎస్సీ నాలుగేళ్లు చదివినా లోటు ఎందుకు చూపిస్తారన్న ప్రశ్నకు జవాబు అదే.

ఆ లోటు పూడ్చుకోవడానికి రెండు దారులు. ఒకటి కొన్ని నెలల అడాప్టేషన్ కోర్సు. రెండోది 'కెంట్నిస్‌ప్రూఫుంగ్' అనే పరీక్ష. అందులో 45 నుంచి 60 నిమిషాల మౌఖికం ఒక భాగమైతే, వార్డులో నిజమైన రోగుల దగ్గర చేసి చూపాల్సిన ప్రాక్టికల్ మరో భాగం. అంతా జర్మన్‌లోనే. తప్పితే ఒక్కసారే మళ్లీ అవకాశం. పరీక్ష లేదని చెప్పేవాళ్లు ఈ రెంటిలో ఏ దారిన పంపుతున్నారో అడిగి చూడండి.

ఫైలు ఆగిపోయేది ఎక్కువగా మన దగ్గరి కాగితాల వల్లే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో పెళ్లయ్యాక మారిన పేరు ఉంటుంది. అక్కడ ఫైలు చూసే ఉద్యోగికి వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. దరఖాస్తుకు ముందే పేర్లు కలిసేలా చూసుకోవాలి. ట్రాన్‌స్క్రిప్ట్‌లో మార్కులుంటే చాలదు, సబ్జెక్టు వారీగా థియరీ గంటలు, ప్రాక్టికల్ గంటలు విడివిడిగా ఉండాలి. అనుభవ పత్రంలో "స్టాఫ్ నర్సుగా పనిచేశారు" అన్న ఒక్క వాక్యం సరిపోదు. ఏ వార్డు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు అన్నవి రాయించుకోండి. మంచి అనుభవం లోటులో కొంత భాగాన్ని తగ్గిస్తుంది, అందుకే ఆ కాగితానికి అంత విలువ.

"దిగిన నెల నుంచే 4 లక్షలు"

లెక్క వేద్దాం. వృద్ధుల సంరక్షణ సంస్థల్లో 2025 జూలై నుంచి చట్టం నిర్ణయించిన కనీస వేతనం లైసెన్సున్న నర్సుకు గంటకు 20.50 యూరోలు, శిక్షణ లేని సహాయకులకు 16.10 యూరోలు. వారానికి 38.5 గంటలంటే నెలకు దాదాపు 167 గంటలు. సహాయకురాలి దశలో కోతలకు ముందు సుమారు 2,690 యూరోలు, లైసెన్సు వచ్చాక సుమారు 3,420.

ఆ కోతలేమిటంటే: పింఛను, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా, ఆపైన ఆదాయపన్ను. ఒంటరిగా ఉండే నర్సుకు ఇవన్నీ పోను మొదటి దశలో 1,900 లోపు, రెండో దశలో 2,250 ప్రాంతంలో చేతికొస్తాయి. యూరోను గుండుగుత్తగా వంద రూపాయలనుకుంటే రెండు లక్షల అటూ ఇటూ. అద్దె చిన్న ఊళ్లలో 400, 500 యూరోలు, మ్యూనిక్ లాంటి నగరంలో 800 దాటుతుంది. ఇంటికో రేడియో, టీవీ చందా నెలకు 18.36 యూరోలు తప్పనిసరి. పెద్ద ఆస్పత్రుల స్కేళ్లు కొంత మెరుగు, రాత్రి, ఆదివారం డ్యూటీలకు అదనం కలుస్తుంది. మంచి జీతమే. కానీ 4 లక్షలన్నది కోతలకు ముందు అంకె, అదీ లైసెన్సు వచ్చి, కొన్నేళ్లు పనిచేశాక.

మన నర్సుల్లో క్రైస్తవ కుటుంబాల పిల్లలు చాలామంది కాబట్టి ఇంకో మాట. వెళ్లగానే పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేసేటప్పుడు మతం అడుగుతారు. కాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే ఆదాయపన్ను మీద 8 లేదా 9 శాతం చర్చి పన్ను పడుతుంది. కట్టాలనుకుంటే సంతోషంగా కట్టొచ్చు, కానీ తెలిసి రాయాలి.

మెసేజ్ ఎత్తని సంగతి

పని ఎలా ఉంటుందో ఆ మెసేజ్‌లో ఒక్క ముక్కా లేదు. మన దగ్గర రోగికి ఒళ్లు తుడవడం, తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం ఆయాలో, ఇంటివాళ్లో చేస్తారు. నర్సు కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెడుతుంది, ఇంజెక్షన్లు చేస్తుంది, డాక్టర్ రౌండ్స్ చూసుకుంటుంది. జర్మనీలో పొద్దున ఆరు గంటల షిఫ్టు మొదలయ్యేది మంచంలో ఉన్న మనిషికి ఒళ్లు కడగడంతోనే. పళ్లు తోమించడం, మడమల దగ్గర, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో చూడటం, పక్కకు తిప్పడం, తినేటప్పుడు పొలమారకుండా కూర్చోబెట్టడం, ఆనక అదంతా జర్మన్‌లో రాయడం. కాన్యులా చాలాచోట్ల డాక్టరే పెడతారు. అక్కడ ఇది నర్సింగ్‌లో గుండెకాయ లాంటి భాగం, చిన్నచూపు పని కాదు. ఇది ముందే తెలిసి వెళ్లినవాళ్లు నిలబడతారు. ఐసీయూ అనుభవంతో వెళ్లి "నన్ను ఆయాను చేశారు" అని కుంగిపోయేవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

"ఏఎన్ఎం వాళ్లూ అర్హులే"

రెండేళ్ల ఏఎన్ఎం కోర్సును మూడేళ్ల నర్సు శిక్షణకు సమానంగా చూడరు. పన్నెండేళ్ల బడి చదువు, బీ1 భాష ఉంటే అక్కడే మూడేళ్ల నర్సింగ్ శిక్షణలో స్టైపెండ్‌తో చేరే దారి వేరుగా ఉంది. అది ఉద్యోగం కాదు, మొదటి నుంచి చదువు.

"ప్యాకేజీ 5 లక్షలు"

మన దేశ 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. ఈ పరిమితి దాటించడానికి మిగతా డబ్బును "ట్రైనింగ్ ఫీజు", "డాక్యుమెంటేషన్ ఛార్జీ" అని విడగొట్టి రాస్తారు. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే, ముందు అక్కడ అడగండి. కేరళలో ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ ద్వారా నడిచే, జర్మనీకి నర్సులను పంపే ట్రిపుల్ విన్ పథకంలో భాషా శిక్షణకు నర్సు రూపాయి కట్టనక్కర్లేదు. జర్మన్ ప్రభుత్వ ముద్ర 'ఫైర్ అన్‌వెర్బుంగ్' ఉన్న నియామక సంస్థలు ఖర్చులు యజమాని దగ్గరే తీసుకోవాలి, నర్సు దగ్గర కాదు.

ఉచితం అన్నచోట కూడా కాంట్రాక్టు పూర్తిగా చదవండి. ఎన్నేళ్లు అక్కడే చేయాలి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి, నెల నెలా గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా, పరీక్ష తప్పితే ఎవరి బాధ్యత, లైసెన్సు రాకముందు జీతం ఎంత, వచ్చాక ఎంత: ఈ ఐదూ కాగితం మీద అంకెలతో ఉండాలి. కాంట్రాక్టు జర్మన్‌లో మాత్రమే ఇచ్చి "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటే పెట్టకండి. మీకు అర్థమయ్యే భాషలో కాపీ అడిగి తీసుకుని, చదివాకే పెన్ను పట్టండి.