తెలుగు ఫైలు సెర్చ్‌కు ఎందుకు దొరకదు?

విజయవాడ గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో డీటీపీ సెంటర్‌కు వెళ్లి, ఎప్పుడో వేయించిన పెళ్లికార్డు ఫైలు కావాలని అడగండి. "ఏ నెలలో చేయించారండీ?" అంటారు. పెళ్లికొడుకు పేరు చెప్పినా పెద్దగా ఉపయోగం ఉండదు. ఆ పేరు కార్డు మీద అచ్చ తెలుగులో ఉంటుంది గానీ సెర్చ్‌కు మాత్రం కనిపించదు.

దీన్ని ఆపరేటర్ల బద్ధకం కింద కొట్టిపారేయడం నాకు సరిగా అనిపించదు. అసలు చిక్కు ఫాంట్‌లో ఉంది. డీటీపీ షాపుల్లో తెలుగుకు వాడే 'అను' ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చి పెట్టాయి. తెర మీద 'లక్ష్మి' అని కనిపించినా ఫైలు లోపల ఉండేది అర్థంలేని రోమన్ గుర్తుల వరస. ప్రతి భాషలోని అక్షరాలకూ సొంత నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. కానీ ప్రింటింగ్ పని పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌కు అలవాటు పడిపోయింది. 2001లో వచ్చిన 7.0 తర్వాత దానికి కొత్త వెర్షనే లేదు, ఆ ఉన్నదానికీ యూనికోడ్ తెలియదు. ఇక డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌డ్రాలో కర్వ్స్‌గా, అంటే గీతలుగా మార్చి ప్రెస్‌కు పంపిన ఫైల్లో అక్షరాలే ఉండవు, వాటి ఆకారాలే ఉంటాయి.

అప్పుడు సెర్చ్‌కు మిగిలేది మెటాడేటా, అంటే ఫైలు పేరు, తేదీ, సైజు వంటి వివరాలు. పేరేమో 'కార్డ్ ఫైనల్ న్యూ 2'. తేదీ కాస్త నయం, అయితే ఏ తేదీ అన్నది చూసుకోవాలి. ఫైళ్లను కొత్త డిస్క్‌లోకి కాపీ చేస్తే 'క్రియేటెడ్' తేదీ కాపీ చేసిన రోజుకు మారిపోతుంది. 'మాడిఫైడ్' తేదీ మామూలుగా పాతదే ఉంటుంది. నెల చెప్పి వెతకాల్సింది దానితోనే.

ఇంకో సంగతి. విండోస్ మళ్లీ వేసినా పోకుండా పనంతా డీ డ్రైవ్‌లో పెట్టుకోవడం చాలామందికి అలవాటు. విండోస్ సెర్చ్ మాత్రం మామూలుగా డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి ఫోల్డర్లనే ముందుగా ఇండెక్స్ చేస్తుంది, అంటే వాటిలో ఏముందో పట్టిక రాసి పెట్టుకుంటుంది. మిగతా చోట్ల ఫైలు ఫైలూ తిరగాలి కాబట్టి నత్తనడకే. డీ డ్రైవ్‌ను కలిపే సెట్టింగ్ ఎక్కడుందో బట్టీ పట్టనక్కర్లేదు, ఒక్కో వెర్షన్‌లో ఒక్కో చోట ఉంటుంది కూడా. స్టార్ట్ నొక్కి 'ఇండెక్సింగ్' అని ఇంగ్లిష్‌లో కొడితే అదే వస్తుంది. పేరుతో వెతకడం వరకే చాలనుకుంటే 'ఎవ్రీథింగ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకా వేగం. డిస్క్‌లోని ఫైళ్ల పట్టికనే అది నేరుగా చదువుతుంది.

ఫోల్డర్లు పద్ధతిగా పెట్టుకోమని సలహా ఇవ్వడం తేలికే. మాఘమాసం ముహూర్తాల రద్దీలో అదెవరికి కుదురుతుంది? ఫైలు పేరులో బిల్లు నంబరు, ఊరు ఉంటే చాలు. టెక్స్ట్ సంగతికొస్తే, ఇప్పుడు చాలామంది కస్టమర్లు కార్డులో రాయాల్సింది వాట్సాప్‌లోనే పంపుతున్నారు, అదీ యూనికోడ్‌లో. షాపులో దాన్ని అనులోకి మార్చుకుని మెసేజ్‌ను వదిలేస్తున్నారు. ఆ మెసేజ్‌ను నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, ఎన్‌కోడింగ్ దగ్గర 'UTF-8 with BOM' ఎంచుకుని, డిజైన్ ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే సేవ్ చేస్తే, ఇండెక్స్ అయ్యాక పెళ్లికొడుకు పేరు కొట్టినా ఫోల్డర్ దొరుకుతుంది. పాత ఫైళ్లకు మాత్రం ఇంకొన్నాళ్లు బిల్లు పుస్తకమే దిక్కు.